తాళం కొనేముందు తలుపును కొలవండి

సంపాదక మహాశయా,

ఇంటి భద్రత గురించి పత్రికల్లో వచ్చే సూచనలన్నిటిలోనూ “పాత తాళం తీసేసి గట్టి తాళం వేయించుకోండి” అన్న సలహా తప్పకుండా కనబడుతుంది. సలహా మంచిదే. అయితే ఇప్పటికే రంధ్రాలు తొలిచి, గూడు చెక్కి ఉన్న తలుపులో ఆ గట్టి తాళం ఎలా ఇముడుతుందన్న సంగతి దగ్గరికి వచ్చేసరికి సలహాదారులు మౌనం వహిస్తారు. తలుపుల పని నేర్పే వృత్తిలో చాలా కాలం గడిపినవాడిగా నేను గమనించినంతవరకు, మంచి తలుపులు పాడయ్యేది ఎక్కువగా తాళం మార్చిన రోజునే. కొలత చూడకుండా తెచ్చిన తాళాన్ని ఎలాగైనా బిగించాలని ఉలితో గూడును పెంచుతారు, పాత రంధ్రం పక్కనే కొత్త రంధ్రం వేస్తారు, చివరికి చెక్కలో స్క్రూ పట్టే చోటే మిగలదు. కొత్త తలుపుకైతే తాళాన్ని బట్టి చెక్కను తొలుస్తాం. పాత తలుపుకు మాత్రం తొలిచి ఉన్న చెక్కను బట్టి తాళాన్ని వెతకాలి. ఈ పని ఎలా చేయాలో మీ పాఠకులకు కొంత వివరంగా చెప్పాలనీ, తాళాలు తయారుచేసేవారి ముందూ అమ్మేవారి ముందూ ఒక విన్నపం ఉంచాలనీ ఈ లేఖ రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు, తాళం నిజంగా పాడైందో లేదో తేల్చుకోవాలి. తాళంచెవి బిగుసుకుపోతున్నదనీ, గడియ సరిగా పడటం లేదనీ విసిగి తాళం మార్చడానికి సిద్ధపడేవారు, ఒక్కసారి తలుపును బార్లా తెరిచిపెట్టి అలాగే చెవి తిప్పి చూడాలి. తలుపు తెరిచి ఉన్నప్పుడు గడియ సాఫీగా బయటికి వచ్చి మళ్లీ లోపలికి పోతూ, మూసినప్పుడు మాత్రమే మొరాయిస్తూ ఉంటే, తాళంలో దోషం లేదని అర్థం. గడియ వెళ్లి కూర్చోవలసిన రంధ్రం దానికి ఎదురుగా లేదు, అంతే. పైనున్న బందు స్క్రూలు వదులై తలుపు రెక్క కిందికి వాలి ఉండవచ్చు, తేమకు చెక్క ఉబ్బి ఉండవచ్చు, ద్వారబంధమే కొద్దిగా కదిలి ఉండవచ్చు. ద్వారబంధానికి బిగించిన లోహపు పట్టీ మీద, అంటే స్ట్రైక్ ప్లేట్ మీద, గడియ రాసుకున్న గీతలు ఎక్కడ పడ్డాయో చూస్తే కారణం చాలావరకు బయటపడుతుంది. రంధ్రపు కింది అంచు అరిగి మెరుస్తూ ఉంటే తలుపు దిగినట్టు. ఆకురాయితో ఆ అంచును కాస్త అరగదీస్తేనో, పై బందుకు ఇంకా పొడవైన స్క్రూలు వేస్తేనో పోయే ఇబ్బందికి కొత్త తాళం కొంటే, ఆ కొత్త తాళం కూడా అదే పట్టీకి తగిలి అదే విధంగా మొరాయిస్తుంది.

తలుపు తెరిచి ఉన్నప్పుడు కూడా చెవి కష్టంగానే తిరుగుతూ ఉంటే, తాళంతోపాటు మొదట వచ్చిన చెవితో ప్రయత్నించాలి. నకలును చూసి మరో నకలు, దాన్ని చూసి ఇంకొకటి తీయించుకుంటూ పోతే గాట్ల లోతు ప్రతిసారీ కొంచెం మారుతుంది. అసలు చెవి సాఫీగా తిరిగితే మార్చవలసింది చెవినే. చెవి దూరే రంధ్రంలో యంత్రాల నూనె పోయడం చాలామందికి అలవాటు. ఆ నూనె దుమ్మును పట్టుకుని కొన్నాళ్లకు జిగురుగా గడ్డకడుతుంది. గ్రాఫైట్ పొడి గాని, తాళాల కోసమే అమ్మే పొడి కందెన గాని వాడటం మేలు.

ఈ పరీక్షలన్నీ అయ్యాక తాళం మార్చక తప్పదని తేలితే, ఇప్పుడున్నది ఏ రకం తాళమో గుర్తించాలి. తలుపు లోపలి ముఖం మీద పైకి కనబడేలా బిగించిన పెట్టె రిమ్ లాక్. తలుపు మందంలోకి అంచు నుంచి గూడు చెక్కి, దానిలోకి జొప్పించిన పెట్టె మార్టిస్ లాక్. తలుపు అంచున పొడవాటి లోహపు పట్టీ ఒకటి నిలువుగా కనబడితే అది ఈ రకమే. తలుపుకు అడ్డంగా ఒక పెద్ద గుండ్రటి రంధ్రం తొలిచి, రెండువైపులా నాబ్ గాని హ్యాండిల్ గాని బిగించి, అంచున మాత్రం చిన్న పట్టీతో సరిపెట్టినది సిలిండ్రికల్ లాక్. చెవిని చూసి కూడా కొంత గ్రహించవచ్చు. పొడవాటి కాడ, చివర పళ్లున్న రెక్క కలిగినది లీవర్ తాళపు చెవి. ఆ పళ్లు పైకెత్తే లోపలి పలకలే లీవర్లు. అంచున గాట్లు పెట్టిన చదునైన చెవి, ఆ గాట్లకు తగ్గట్టు లోపల చిన్న పుల్లలు (పిన్‌లు) కదిలే పిన్ సిలిండర్‌ది. లీవర్ల పద్ధతికి ఇంగ్లండ్‌లో రాబర్ట్ బారన్ 1778లో పేటెంట్ పొందాడు. చదునైన చెవితో పనిచేసే నేటి పిన్ సిలిండర్ అమెరికాలో లైనస్ యేల్ జూనియర్ 1860లలో తీసుకున్న పేటెంట్ల నుంచి వచ్చింది. ఈ రెండింటి తేడా చెవి ఆకారంతో ఆగిపోదు. లీవర్ తాళంలో చెవిని గుర్తుపట్టే యంత్రాంగం తలుపులో దాగిన పెట్టె లోపలే ఉంటుంది కనుక, చెవి పోయిందంటే సాధారణంగా పెట్టెనంతటినీ మార్చవలసి వస్తుంది. పిన్ సిలిండర్ చాలా తాళాల్లో విడి భాగం. గడియ, పెట్టె బాగానే ఉంటే సిలిండర్ ఒక్కటీ తీసి వేరొకటి పెట్టుకోవచ్చు. ఇల్లు చేతులు మారినప్పుడో, చెవి ఎక్కడో జారిపోయినప్పుడో తాళమంతా పీకించడం అనవసరపు ఖర్చు, తలుపుకు అనవసరపు గాయం.

సిలిండర్ మాత్రమే మార్చేవారికి కావలసిన కొలతలు రెండే. మార్టిస్ లాకుల్లో విస్తృతంగా వాడుకలో ఉన్న యూరో ప్రొఫైల్ సిలిండర్‌ను తీసుకుందాం. దాని పైభాగం 17 మిల్లీమీటర్ల గుండ్రటి గొట్టం, కిందిభాగం 10 మిల్లీమీటర్ల వెడల్పున్న తోక, మొత్తం ఎత్తు 33 మిల్లీమీటర్లు. ఏ కంపెనీ చేసినా ఈ ఆకారం ఒకటే కనుక వాటిని కొలవనక్కరలేదు. మారేది పొడవు. తలుపు అంచున ఉన్న పట్టీలో సిలిండర్‌కు ఎదురుగా ఒక పొడవాటి స్క్రూ ఉంటుంది. సిలిండర్‌ను పట్టి ఉంచేది అదొక్కటే. ఆ స్క్రూ మధ్య గీత నుంచి సిలిండర్ బయటి కొస వరకు ఒక కొలత, లోపలి కొస వరకు మరొక కొలత తీసుకోవాలి. బయటికి 35, లోపలికి 45 వచ్చిందనుకోండి, దుకాణంలో “80 మిల్లీమీటర్ల సిలిండర్” అని అడిగితే 40-40 చేతిలో పెట్టే అవకాశం ఉంది. మొత్తం పొడవు సరిపోతుంది గాని, సిలిండర్ లోపలివైపు 5 మిల్లీమీటర్లు లోతుకు పోతుంది, బయటివైపు 5 మిల్లీమీటర్లు పొడుచుకువస్తుంది.

ఆ బయటికి పొడుచుకువచ్చిన ముక్క చిన్న విషయం కాదు. స్క్రూ వెళ్లే రంధ్రం దగ్గర సిలిండర్ శరీరం చాలా పలచన. బయటి కొస పట్టుకారుకు చిక్కేంతగా ముందుకు వచ్చి ఉంటే, దానిని అటూ ఇటూ వంచి ఆ పలచని చోటనే విరిచేయవచ్చు. విరిగాక గడియను వెనక్కి లాగడానికి చెవితో పనిలేదు. అందుకే సిలిండర్ బయటి కొస హ్యాండిల్ పట్టీతో సమంగా ఉండాలి, మహా అయితే 2, 3 మిల్లీమీటర్లకు మించి ముందుకు రాకూడదు. కొన్ని సిలిండర్లలో ముందుభాగాన కావాలనే ఒక బలహీనమైన గాటు పెడతారు. విరవబోతే ముందు ముక్క మాత్రమే ఊడిపోయి, వెనుక భాగం గడియను కాపాడుతుంది. బయటి తలుపుకు అటువంటిది ఎంచుకోవడం వివేకం. ఎన్ని పిన్‌లు, ఎన్ని లక్షల చెవుల తేడా అని అమ్మే అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే గొప్పలకంటే, నా దృష్టిలో, కొలతకు తగిన పొడవే ఎక్కువ రక్షణ ఇస్తుంది. పాత సిలిండర్‌ను బయటికి తీసేటప్పుడు స్క్రూ పూర్తిగా తీశాక, చెవిని దూర్చి పావు వంతుకంటే తక్కువగా, కొద్దికొద్దిగా తిప్పుతూ మెల్లగా లాగాలి. మధ్యలో ఉండే నాలుకలాంటి పలక సిలిండర్ తోకకు సమంగా వచ్చినప్పుడే అది జారి వస్తుంది. రాలేదని సుత్తితో కొడితే పెట్టె లోపలి భాగాలు వంగుతాయి.

పెట్టెనే మార్చవలసి వచ్చినప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన కొలత, అన్నిటికంటే తక్కువమంది తీసుకునే కొలత, బ్యాక్‌సెట్. తలుపు అంచు నుంచి చెవిరంధ్రపు మధ్య వరకు, లేదా రెండువైపుల హ్యాండిళ్లను కలిపే కడ్డీ మధ్య వరకు, అడ్డంగా ఉండే దూరం ఇది. అంచు అంటే గడియ బయటికి వచ్చే లోహపు పట్టీ ముఖం. కొన్ని తలుపుల అంచు మూసేటప్పుడు ద్వారబంధానికి తగలకుండా కొంచెం ఏటవాలుగా చిత్రిక పట్టి ఉంటుంది. అటువంటి తలుపుకు ఒక ముఖం మీద తీసిన కొలత రెండవ ముఖం మీది కొలతతో సమానం కాదు. అందుచేత రెండువైపులా కొలిచి, రెండూ రాసుకోవాలి. చెవిరంధ్రం అంచు నుంచి కాక మధ్య నుంచి కొలవాలన్నది చిన్న విషయంలా కనబడుతుంది గాని, అక్కడ పోగొట్టుకునే కొద్ది మిల్లీమీటర్లే తరువాత హ్యాండిల్ పట్టీ కింద పాత రంధ్రంగా బయటపడతాయి.

బ్యాక్‌సెట్ ఎందుకంత ముఖ్యమంటే, హ్యాండిల్, చెవి తలుపుకు అడ్డంగా వెళ్లే రంధ్రాలు ఎక్కడ ఉండాలో నిర్ణయించేది అదే. చెక్క తలుపులకు వాడే యూరోపియన్ మార్టిస్ లాకుల్లో 55 మిల్లీమీటర్లు ఎక్కువగా కనబడుతుంది, 65 కూడా ఉంటుంది. సన్నని లోహపు చట్రం ఉన్న తలుపులకు 25, 30, 35 వంటి చిన్న కొలతలు ఉంటాయి. సిలిండ్రికల్ లాకుల్లో 60, 70 అనే రెండు కొలతలు సాధారణం. అంగుళాల్లో చేసినవి మిల్లీమీటర్లలోకి మారినప్పుడు ఇవే అంకెలకు చాలా దగ్గరగా వస్తాయి, కాబట్టి 60కి బదులు 60.3 అని కనిపిస్తే కంగారుపడనక్కరలేదు. కానీ 55 ఉన్న చోట 60 తెచ్చి పెడతామంటే కుదరదు. ఆ 5 మిల్లీమీటర్ల కోసం రంధ్రాన్ని పక్కకు పెంచితే, హ్యాండిల్ పట్టీ స్క్రూలు గాలిలోకి దిగుతాయి. బ్యాక్‌సెట్ చిన్నదైనప్పుడు మరో చిక్కు ఉంది: గుండ్రటి నాబ్ పట్టుకుని తలుపు లాగేవారి వేళ్లు ద్వారబంధానికి ఒరుసుకుంటాయి. అందుకే తక్కువ బ్యాక్‌సెట్ ఉన్న చోట నాబ్ వద్దు, కిందికి నొక్కే పొడవాటి పిడి (లీవర్ హ్యాండిల్) పెట్టుకోమని నేను ఎప్పుడూ చెబుతాను.

ఇక్కడే కొనుగోలుదారులను తికమకపెట్టే సంగతి ఒకటి ఉంది. బ్రిటన్ పద్ధతిలో చేసిన మార్టిస్ లాకుల్లో కొన్నిటి మీద 64 అనో 76 అనో ఒక అంకె వేసి అమ్ముతారు. అది బ్యాక్‌సెట్ అనుకుని కొంటే నష్టపోతారు. ఆ అంకె తలుపులోకి దిగే పెట్టె లోతును చెబుతుంది. వాటి బ్యాక్‌సెట్ వరుసగా సుమారు 44, 57 మిల్లీమీటర్లు. తలుపులో గూడు ఎంత లోతుందో తెలుసుకోవడానికి పెట్టె లోతు అవసరమే, కానీ రంధ్రాలు సరిపోతాయో లేదో చెప్పేది బ్యాక్‌సెట్. ఈ రెండింటినీ విడివిడిగా కొలుచుకోవాలి. గూడు లోతు చూడటానికి పాత పెట్టెను బయటికి తీసి, ఒక సన్నని అట్టముక్కను తగిలేవరకు లోపలికి దూర్చి, తలుపు అంచు వద్ద పెన్సిల్‌తో గీత పెట్టుకుంటే చాలు.

హ్యాండిల్ కడ్డీ మధ్య నుంచి చెవిరంధ్రపు మధ్య వరకు నిలువుగా ఉండే దూరం మూడవ కొలత. జర్మన్ కొలతల్లో గదుల తలుపులకు 72, బయటి తలుపులకు 92 మిల్లీమీటర్లు మామూలు. బ్రిటన్ పద్ధతి లీవర్ తాళాల్లో 57 ఎక్కువ. ఈ దూరం మారితే హ్యాండిల్ పట్టీని కూడా మార్చవలసి వస్తుంది, ఎందుకంటే పట్టీలోని చెవిరంధ్రం ఆ దూరానికే తొలిచి ఉంటుంది. తాళం తక్కువ ఖర్చుతో దొరికిందని సంతోషించినవారు ఆ తరువాత హ్యాండిళ్ల జతకు ఇంకొంత పెట్టవలసి రావడం ఇందువల్లనే. ఇక హ్యాండిళ్లు రెండింటినీ కలిపే చదరపు కడ్డీ మందం చాలావరకు 8 మిల్లీమీటర్లు. మంటలను ఆపేందుకు చేసిన తలుపుల్లో 9, కొన్ని చోట్ల 7 ఉంటాయి. 8 మిల్లీమీటర్ల రంధ్రంలో 7 మిల్లీమీటర్ల కడ్డీ పెడితే పనిచేస్తుంది గాని, హ్యాండిల్ వదులుగా వాలిపోయి కనబడుతుంది, కొద్ది కాలంలోనే లోపలి భాగం అరిగిపోతుంది.

అంచు పట్టీ పొడవు, వెడల్పు, మందం, దాని మూలలు గుండ్రంగా ఉన్నాయా చదరంగా ఉన్నాయా అన్నవి కూడా రాసుకోవాలి. పట్టీ చిన్నదైతే చుట్టూ పాత గూడు అంచు కనబడుతుంది, దానిని చెక్కముక్కతో పూడ్చవచ్చు. పెద్దదైతే ఉలితో కొంచెం పెంచవచ్చు. ఈ రెండూ చేతనైన పనులే. రంగు పూతల కింద కప్పబడిన స్క్రూలను వెతికి, గాటులోని రంగును ముందుగా గీకి తీస్తేనే స్క్రూడ్రైవర్ జారకుండా పడుతుంది.

సిలిండ్రికల్ లాక్ కొలతలు ఇంతకంటే సులువు. తలుపుకు అడ్డంగా ఉన్న పెద్ద రంధ్రం సాధారణంగా 54 మిల్లీమీటర్లు, అంచు నుంచి వెళ్లే చిన్న రంధ్రం 25 మిల్లీమీటర్ల ప్రాంతం. బ్యాక్‌సెట్ 60, 70 రెండింటికీ సర్దుబాటు చేసుకోగల, తలుపు వేయగానే స్ప్రింగుతో తనంతట పడే లాచ్‌లు దొరుకుతాయి కనుక అటువంటిది కొంటే కొంత నిశ్చింత. తలుపు మందం మాత్రం తప్పకుండా చూడాలి. ఈ రకం తాళాల్లో చాలావాటిని సుమారు 35 నుంచి 45 మిల్లీమీటర్ల మందానికి చేస్తారు. అంతకంటే మందమైన తలుపుకు పొడవైన స్క్రూల జత విడిగా తెప్పించుకోవాలి. రిమ్ లాకుకు బ్యాక్‌సెట్‌తోపాటు తలుపు మందం కూడా కావాలి. బయటి సిలిండర్ నుంచి లోపలి పెట్టెలోకి వెళ్లే చదునైన కడ్డీని తలుపు మందానికి తగినట్టు తుంచుకోవాలి. అందుకే ఆ కడ్డీ మీద గాట్లు పెట్టి ఉంటాయి.

తలుపు ఎటు తెరుచుకుంటుందన్నది కూడా కొలతలాగే రాసుకోవలసిన విషయం. బయట నిలబడి చూసినప్పుడు బందులు ఎడమవైపు ఉన్నాయా కుడివైపు ఉన్నాయా, తలుపు లోపలికి తోయాలా బయటికి లాగాలా అని గుర్తుపెట్టుకోవాలి. స్ప్రింగుతో పనిచేసే లాచ్ ఏటవాలు ముఖం స్ట్రైక్ ప్లేట్‌కు తగిలి లోపలికి జారాలి. అది తిరగబడి ఉంటే తలుపు ఎంత గట్టిగా వేసినా పడదు. చాలా తాళాల్లో లాచ్‌ను తిప్పిపెట్టుకునే వీలుంటుంది, అన్నిటిలోనూ ఉండదు.

కొలిచే పరికరం గురించి ఒక మాట. మామూలు టేపు కొసన ఉండే కొక్కెం దాని మందమంత కదిలేలా తయారుచేస్తారు. లోపలి కొలతకూ బయటి కొలతకూ రెండింటికీ సరిపోవాలని ఆ ఏర్పాటు. వాడి వాడి అది మరీ వదులైన టేపుతో కొలిస్తే మిల్లీమీటరో రెండో తేడా వస్తుంది. ఉక్కు స్కేలు వాడటం మేలు. టేపే ఉంటే, సున్నా దగ్గర కాకుండా 10 సెంటీమీటర్ల గీతను అంచుకు ఆనించి కొలిచి, వచ్చిన దానిలోంచి ఆ 10 సెంటీమీటర్లు తీసేయాలి. సిలిండర్, కడ్డీ వంటివాటికి వెర్నియర్ కాలిపర్ ఉంటే ఇంకా మంచిది. పాత తాళాన్ని చేతపట్టుకుని దుకాణానికి వెళ్లడం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి అయినా, తాళం లేని తలుపుతో ఇంటిని వదిలి వెళ్లలేరు కదా! అంచు పట్టీ మీద ఒక కాగితం ఒత్తిపెట్టి పెన్సిల్‌తో రుద్దితే రంధ్రాలన్నీ అసలు సైజులోనే కాగితం మీద పడతాయి. స్కేలును పక్కన ఆనించి తీసిన ఫోటో కూడా పనికివస్తుంది.

కొలతలు కుదిరాక మిగిలినది ఎంపిక. చెవితోనో మీటతోనో తిప్పితేనే కదిలే గడియ, అంటే డెడ్‌బోల్ట్ ఎంత దూరం బయటికి వస్తుందో చూడాలి. 20 నుంచి 25 మిల్లీమీటర్లు రావడం మంచిది. 12 మిల్లీమీటర్లు మాత్రమే వచ్చే గడియ, ద్వారబంధం కొద్దిగా ఒంగినా జారిపోతుంది. అమెరికా ప్రమాణాల్లో గ్రేడ్ 1 అన్నిటికంటే గట్టిది, 3 అన్నిటికంటే తక్కువది. ఈ వరుసను తిరగేసి చదువుకునేవారు ఉన్నారు. బ్రిటన్ ప్రమాణాల్లో బి.ఎస్. 3621 ముద్ర ఉన్న తాళాన్ని రెండువైపులా చెవితోనే తీయాలి, బి.ఎస్. 8621 ముద్ర ఉన్నదానిని లోపలి నుంచి చెవి లేకుండానే తీయవచ్చు. ఈ తేడా చిన్నది కాదు. రాత్రివేళ మంటలు లేచినప్పుడు పొగలో చెవి కోసం వెతకడం ప్రాణాంతకం. తలుపు పక్కన పగలగొట్టగల గాజు లేనిచోట, లోపలివైపు చేతితో తిప్పే మీట ఉన్న సిలిండర్‌నే నేను సిఫారసు చేస్తాను. గాజు ఉన్నచోట దాన్ని పగలగొట్టి చెయ్యి దూర్చి మీట తిప్పే వీలుంటుంది కనుక ఆలోచించి నిర్ణయించుకోవాలి. అక్కడ కూడా ఇంట్లో అందరికీ తెలిసిన చోట చెవి తగిలించి ఉంచాలి. రెండువైపులా చెవి ఉన్న సిలిండర్ కొంటే, లోపల చెవి దూర్చి ఉన్నా బయటి చెవితో తెరుచుకునే రకమా కాదా అని అడిగి తెలుసుకోవాలి. ముసలివారు లోపల చెవి వదిలి నిద్రపోయిన ఇంట్లోకి వెళ్లలేక తలుపు పగలగొట్టవలసి వచ్చే పరిస్థితి ఈ ఒక్క ప్రశ్నతో తప్పుతుంది.

ఖరీదైన తాళానికి ధారాళంగా ఖర్చుపెట్టేవారు స్ట్రైక్ ప్లేట్ విషయంలో మాత్రం తాళంతోపాటు వచ్చిన పొట్టి స్క్రూలతో సరిపెట్టుకుంటారు. తలుపును తన్నినప్పుడు తరచుగా ముందు విడిపోయేది ద్వారబంధం అంచున ఉండే ఆ పలచని చెక్క. తాళం చెక్కుచెదరకుండా ఉంటుంది, తలుపు మాత్రం తెరుచుకుంటుంది. 75 మిల్లీమీటర్ల వరకు పొడవున్న స్క్రూలు ద్వారబంధం లోతుకు దిగేలా బిగిస్తే తాళం విలువ నిలబడుతుంది. తాళం ఖర్చుతో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు. అంకెలు నొక్కితేనో, వేలిముద్ర ఆనిస్తేనో తెరుచుకునే తాళాలకు కూడా ఇదే వర్తిస్తుంది. వాటికీ బ్యాక్‌సెట్ ఉంటుంది, తలుపు మందం పరిమితి ఉంటుంది, పైగా లోపలి పెట్టె పెద్దది కనుక పక్కనున్న గొళ్లేనికో అలంకారపు పట్టీకో తగులుతుందేమో చూసుకోవాలి.

కొలతకు తగిన తాళం ఎంత వెతికినా దొరకకపోతే గూడును పెంచే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. పెట్టె మందం 15 మిల్లీమీటర్లు దాటే తాళాన్ని 35 మిల్లీమీటర్ల తలుపులో పెడితే రెండువైపులా మిగిలేది 10 మిల్లీమీటర్ల లోపు చెక్క. ఇంకా తొలిస్తే అక్కడే చీలుతుంది. పాత గూడులో అదే జాతి చెక్కముక్కను జిగురుతో బిగించి, ఆరాక చిత్రిక పట్టి, ఆ తరువాత కొత్త కొలతకు తొలవడం సరైన పద్ధతి. ఇది ఓపికగల వడ్రంగి పని, గంటలో ముగించమని తొందరపెట్టకూడదు. మంటలను తట్టుకునేలా పరీక్షించి అమర్చిన తలుపును మాత్రం ఎవరూ ఇష్టం వచ్చినట్టు తొలవరాదు. ఆ తలుపుకు ఏ తాళాలు ఆమోదించారో వాటిలోంచే ఎంచుకోవాలి.

కొత్త తాళం బిగించాక, తలుపును తెరిచే ఉంచి, చెవితో, హ్యాండిల్‌తో బయటి నుంచి, లోపలి నుంచి పదేపదే తిప్పి చూడాలి. అన్ని చెవులనూ ఒక్కొక్కటిగా ప్రయత్నించాలి. అంతా సాఫీగా ఉందని తేలేవరకు తలుపు మూయకూడదు. మూసిన తలుపు వెనుక బిగుసుకున్న కొత్త తాళాన్ని తీయడం పాత తాళాన్ని తీయడం కంటే కష్టం.

ఇక నా విన్నపం. తాళాలు అమ్మే అట్టపెట్టెల మీద బొమ్మలు, భద్రతా నక్షత్రాలు, హామీ సంవత్సరాలు పెద్ద అక్షరాలతో కనబడతాయి. కొనేవాడికి నిజంగా అవసరమైన బ్యాక్‌సెట్, కడ్డీ నుంచి చెవిరంధ్రానికి దూరం, గూడు లోతు, అంచు పట్టీ సైజు, తలుపు మందం పరిమితి మాత్రం చాలాసార్లు పెట్టె లోపల మడిచిన కాగితంలో ఉంటాయి, కొన్నిసార్లు అక్కడా ఉండవు. ఈ అయిదు అంకెలను ఒక చిన్న గీతల బొమ్మతో పెట్టె బయట ముద్రించడానికి తయారీదారులకు అయ్యే ఖర్చు ఏమీ లేదు. బొమ్మ పక్కన వివరణ తెలుగులో కూడా ఉంటే, తలుపు దగ్గర స్కేలు పట్టుకుని నిలబడిన మనిషికి ఎవరి సహాయమూ అవసరం ఉండదు. అమ్మేవారు కూడా ఒక విషయం ఆలోచించాలి: కొలతలు పెట్టె లోపల దాచి, “పెట్టె తెరిచారు కనుక వెనక్కి తీసుకోం” అనడం న్యాయం కాదు. కొలతలు బయట ముద్రించనంతకాలం, బిగించకుండా తిరిగి తెచ్చిన తాళాన్ని మారుమాట లేకుండా మార్చి ఇవ్వవలసిన బాధ్యత అమ్మినవారిదే. ఈ విషయంలో తయారీదారుల సమాధానాన్ని కూడా మీ పత్రిక అడిగి ప్రచురిస్తే పాఠకులకు మేలు జరుగుతుంది.

ఇట్లు,
తలుపుల పని నేర్పిన ఒక పాఠకుడు